కాటా మీద నింపే గ్యాసు: రేణిగుంట రోడ్డు దుకాణం గురించి

తిరుపతిలో పగడాల అక్వేరియం పెంచేవాళ్ళు కొద్దిమందే. వాళ్ళలో కాల్షియం రియాక్టర్ (పగడాలకు కావలసిన కాల్షియాన్ని నీళ్ళలోకి అందించే పరికరం) నడిపేవాళ్ళు మరీ తక్కువ. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఫోను చేసినప్పుడల్లా మొదట అడిగేది ఒకటే: ఏ కంపెనీ రియాక్టర్ కొనమంటారు? మీరు గ్యాసు ఎక్కడ నింపించుకుంటారు అని నేను వాళ్ళను తిరిగి అడుగుతాను. రియాక్టర్ అంటే చివరికి ఒక గొట్టం, ఒక చిన్న పంపు, గొట్టం నిండా అరగొనైట్ (కాల్షియం కార్బొనేట్‌లో ఒక రకం) ముక్కలు. ఏ కంపెనీదైనా చేసే పని ఒక్కటే. ఆ పని సవ్యంగా సాగాలంటే అందులోకి వెళ్ళే కార్బన్ డయాక్సైడ్ ఎప్పుడూ ఒకే తీరుగా వెళ్ళాలి. ఆ విషయంలో నాకు దిగులు లేకుండా చేసింది రేణిగుంట రోడ్డులోని ఈ దుకాణం. అందుకే సమీక్ష రియాక్టర్ మీద కాకుండా దీని మీద రాస్తున్నాను.

దుకాణం వెల్డింగు సామాను అమ్మే వరుసలో ఉంటుంది. ముందు నుంచి చూస్తే ఆక్సిజన్ సిలిండర్లు, వెల్డింగు రాడ్ల పెట్టెలే కనిపిస్తాయి. కార్బన్ డయాక్సైడ్ నింపేది వెనకవైపు రేకుల షెడ్డులో. వాళ్ళ ఖాతాదారుల్లో ఎక్కువమంది గోలీ సోడా తయారుచేసేవాళ్ళు. మనలాంటివాళ్ళకు ఇది మేలు చేసే విషయం. సోడాలో కలిపే గ్యాసు తాగేవాళ్ళ కడుపులోకి వెళ్తుంది కాబట్టి ఆహార అవసరాలకు పనికొచ్చే రకమే తెప్పిస్తారు. రోజూ ఖర్చయ్యే సరుకు కాబట్టి నిల్వ ఉండదు. వెల్డింగు కోసం ఆర్గాన్ కలిపిన గ్యాసు కూడా అదే ఆవరణలో ఉంటుంది. అది మనకు పనికిరాదు. రెండూ వేర్వేరు గొలుసులతో, వేర్వేరు మూలల్లో కట్టి ఉంచడం నేను మొదట గమనించిన మంచి లక్షణం.

రియాక్టర్ గురించి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. రాతి పగడాలు తమ అస్థిపంజరాన్ని కాల్షియం కార్బొనేట్‌తో కట్టుకుంటాయి. ఆ సరుకును నీళ్ళలోంచే తీసుకుంటాయి. సహజ సముద్రజలంలో కాల్షియం సుమారు 410 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఇన్ని వంతులు), ఆల్కలినిటీ (నీటిలో ప్రధానంగా బైకార్బొనేట్ ఎంతుందో చెప్పే కొలత) సుమారు 7 డీకేహెచ్ (ఆ కొలతకు వాడే ప్రమాణం) ఉంటాయి. సముద్రంలో ఎంత తీసుకున్నా తరగదు. గాజు తొట్టెలో రోజురోజుకూ తరిగిపోతుంది. తరిగినంత తిరిగి పోయడానికి ఉన్న పద్ధతుల్లో రియాక్టర్ ఒకటి. గొట్టంలోని సముద్రపు నీటిలోకి కార్బన్ డయాక్సైడ్ బుడగలు పంపితే నీరు ఆమ్లగుణం సంతరించుకుని పీహెచ్ 6.6 దాకా దిగుతుంది. ఆ నీటిలో అరగొనైట్ మెల్లగా కరుగుతుంది. కాల్షియం, బైకార్బొనేట్ రెండూ పగడాలు వాడుకునే నిష్పత్తిలోనే విడుదలవుతాయి. బేలం గుహలను తొలిచింది కూడా ఇదే రసాయన చర్య. వాననీరు నేలలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని సున్నపురాయిని కరిగిస్తూ పోతే మూడు కిలోమీటర్లకు పైగా గుహ ఏర్పడింది. అక్కడ లక్షల ఏళ్ళ పాటు సాగిన పని ఇక్కడ నా హాలు పక్కన గొట్టంలో రాత్రింబవళ్ళు సాగుతోంది. నేను జూనియర్ కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతాను. ఈ సమీకరణాన్ని ఎన్నిసార్లు బోర్డు మీద రాసినా, గొట్టంలో ముక్కలు కొద్దికొద్దిగా కిందికి దిగడం చూస్తే కలిగే సంతోషం వేరు.

కడప రాయి పక్కనే ఉంది కదా, అది వేయకూడదా అని కొందరు అడుగుతారు. వేయకూడదు. అది సున్నపురాయి. సున్నపురాయిలో ఎక్కువగా ఉండేది కాల్సైట్, కాల్షియం కార్బొనేట్‌లోనే మరో రకం. అది కరగడానికి పీహెచ్ ఇంకా దిగాలి. పైగా మన పగడాలకు గిట్టని ఖనిజాలు ఏవేవి అందులో ఉన్నాయో తెలియదు. రియాక్టర్ కోసమే అమ్మే అరగొనైట్ వాడండి. సముద్రపు ఒడ్డున దొరికే పగడపు ముక్కలు ఏరుకొచ్చే ఆలోచన అసలే వద్దు. మన సముద్రాల్లోని రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. చచ్చినవైనా సరే, ముట్టుకోకూడదు. నా ట్యాంకులో ఉన్నవి విదేశాల్లో తొట్టెల్లోనే పెంచి, సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) కాగితాలతో వచ్చిన మొలకలు.

ఇక గ్యాసు లెక్క. నా ట్యాంకు సంప్‌తో (ట్యాంకుకు కలిపి ఉండే అదనపు నీటి తొట్టె) కలిపి 800 లీటర్లు. రోజుకు 1.4 డీకేహెచ్ ఆల్కలినిటీ, దానితోపాటు 10 పీపీఎం కాల్షియం తగ్గుతాయి. అంటే పగడాలు రోజుకు 20 గ్రాముల కాల్షియం కార్బొనేట్ తినేస్తున్నాయి. దాన్ని కరిగించడానికి కాగితం మీద 8.8 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ చాలు. రియాక్టర్‌లో అంతా కలవదు, కొంత వృథా పోతుంది. కాబట్టి నిజంగా అయ్యేది దాదాపు రెట్టింపు, రోజుకు 16 గ్రాములు. రియాక్టర్ నుంచి బయటికి వచ్చే నీటి ఆల్కలినిటీ 25 డీకేహెచ్ దగ్గర, ట్యాంకులో 8 దగ్గర నిలపాలంటే నిమిషానికి 46 మిల్లీలీటర్ల ధార పెట్టాలి. ధార తగ్గినా, బుడగలు పెరిగినా లెక్క తప్పుతుంది. 4.5 కిలోల సిలిండర్ తొమ్మిది నెలలు రావాలి. అది ఆరు నెలలకే అయిపోతే గ్యాసు ఎక్కడో కారుతోందనుకోవాలి, లేదంటే నింపినవాళ్ళు తక్కువ నింపారనుకోవాలి. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చుకోవాలంటే సిలిండర్‌లోకి ఎంత గ్యాసు ఎక్కిందో గ్రాములతో సహా తెలియాలి.

చాలామంది పొరబడేది ఇక్కడే. సిలిండర్ పీడనాన్ని తగ్గించి పంపే రెగ్యులేటర్ మీద ఉన్న పీడన గేజీని చూసి గ్యాసు ఎంత మిగిలిందో తెలుసుకోవచ్చనుకుంటారు. కార్బన్ డయాక్సైడ్ విషయంలో అది కుదరదు. సిలిండర్‌లో ఉండేది ప్రధానంగా ద్రవం. ద్రవం ఒక్క గుక్కెడు మిగిలి ఉన్నా, 20 డిగ్రీల వేడిమి దగ్గర గేజీ 57 బార్లే చూపిస్తుంది. 25 డిగ్రీల దగ్గర 64 బార్లు. నిండు సిలిండర్ అయినా అంతే, అడుగంటిన సిలిండర్ అయినా అంతే. ద్రవం పూర్తిగా ఆవిరయ్యాకే ముల్లు పడడం మొదలవుతుంది. మన ఊళ్ళో ఇంకో చిక్కు ఉంది. 31 డిగ్రీలు దాటితే కార్బన్ డయాక్సైడ్‌కు ద్రవ రూపమే ఉండదు. ఎండాకాలం తిరుపతిలో 40 దాటుతుంది కదా, అప్పుడు గేజీ చూపించేదానికి అర్థం పూర్తిగా మారిపోతుంది. అందువల్ల నమ్మదగ్గది బరువు ఒక్కటే. సిలిండర్ మెడ మీద ఖాళీ బరువు గుద్ది ఉంటుంది. మొత్తం బరువులోంచి అది తీసేస్తే మిగిలేదే గ్యాసు.

ఇంతకుముందు నేను వెళ్ళిన ఒక చోట ఖాళీ సిలిండర్ ఇస్తే నిండు సిలిండర్ చేతికిచ్చి పంపేవాళ్ళు. తూకం అడిగితే గేజీ పెట్టి చూపించేవాళ్ళు. ఇంటికొచ్చి తూచుకుంటే ప్రతిసారీ కిలోకు దగ్గరగా తక్కువ ఉండేది. అడిగితే సిలిండర్ మెడ మీది అంకెలు పాతవన్నారు. ఆ వాదనను తేల్చే వీలు నాకు లేకపోయింది, ఎందుకంటే ప్రతిసారీ వేరే సిలిండర్ వచ్చేది.

ఈ దుకాణంలో మన సిలిండర్ మనకే నింపి ఇస్తారు. నింపే తీరు చూడదగ్గది. ముందు ఖాళీ సిలిండర్‌ను కాటా మీద పెడతారు. కాటా తెర మనవైపు తిప్పి ఉంటుంది. వచ్చిన అంకెను, మెడ మీద గుద్దిన అంకెను దుకాణంలోని పెద్దాయన పైకి చదివి సుద్దతో పలక మీద రాస్తారు. వాల్వును ఒక్క క్షణం తెరిచి మూస్తారు, మూతిలో ఉన్న దుమ్ము బుస్సుమని ఎగిరిపోతుంది. పక్కనే ఇనుప చట్రం మీద పెద్ద సిలిండర్ తలకిందులుగా వాలి ఉంటుంది, ద్రవం మూతి దగ్గరికి చేరడానికి. గొట్టం తగిలించాక మొదట కొంచెం గ్యాసు పంపి వదిలేస్తారు. ఆ విడుదలతో మన సిలిండర్ చల్లబడుతుంది. చల్లని సిలిండర్‌లో పీడనం తక్కువ కాబట్టి ద్రవం అటు పరుగెత్తుతుంది. ఎండాకాలంలో అదీ చాలక, సిలిండర్‌ను ముందు ఐసు తొట్టెలో కూర్చోబెడతారు. కాటా మీద అంకెలు పెరుగుతుంటే సిలిండర్ అడుగున తెల్లటి మంచు పొర కడుతుంది. 4.5 కిలోలకు అంకె చేరగానే రెండు వాల్వులూ కట్టేసి, గొట్టం విప్పి, మళ్ళీ తూస్తారు. గొట్టం లాగుడుకు కాటా తప్పు చూపిస్తుందట, అందుకని విప్పిన తర్వాత వచ్చిన అంకెనే చీటీ మీద రాస్తారు. చివరగా వాల్వు చుట్టూ సబ్బునీళ్ళు బ్రష్షుతో పూసి బుడగ వస్తుందేమో చూస్తారు. ఇదంతా కుర్రవాడు చేసినా పెద్దాయన పక్కన నిలబడి ఉంటారు.

ఒకసారి నా ముందున్న సోడా కొట్టు ఆయన, ఇంకో అర కిలో ఎక్కించవయ్యా, డబ్బులిస్తాను కదా అన్నారు. పెద్దాయన ఒప్పుకోలేదు. సిలిండర్ ఘనపరిమాణంలో లీటరుకు కిలోలో మూడింట రెండు వంతులకు మించి నింపకూడదన్నది నియమం. మిగతా చోటు వేడికి వ్యాకోచించడానికి. ఆ చోటు లేకుండా నింపిన సిలిండర్‌ను మే నెల మధ్యాహ్నం ఆటోలో పెట్టుకుని వెళ్తే పీడనం ఎంతకు చేరుతుందో ఊహించవచ్చు. వాల్వు పక్కనుండే రక్షణ బిళ్ళ పగిలి గ్యాసంతా ఒక్కసారిగా బయటపడుతుంది. నాకు ఆ రోజే ఈ దుకాణం మీద గౌరవం కుదిరింది.

పరీక్ష తేదీ దాటిన సిలిండర్‌నూ వీళ్ళు నింపరు. ఈ సిలిండర్లను అయిదేళ్ళకోసారి నీటి పీడన పరీక్షకు పంపాలి. పరీక్ష జరిగిన నెల, సంవత్సరం భుజం మీద గుద్దుతారు. చిత్తూరు నుంచి నా స్నేహితురాలు పాత సామాను అంగట్లో కొన్న సిలిండర్ తెచ్చింది. దాని మీది తేదీ ఎప్పుడో దాటిపోయింది. ఎంత బతిమాలినా నింపలేదు. ఇంకొకతను మంటలార్పే ఎర్ర సిలిండర్ తెస్తే దాన్నీ తిప్పి పంపారు, కారణం కూడా చెప్పి పంపారు. అలాంటి వాటి లోపల అడుగుదాకా ఒక గొట్టం ఉంటుంది. వాల్వు తెరిస్తే గ్యాసు కాకుండా ద్రవం ఎగదన్నుకొస్తుంది. మన రెగ్యులేటర్ దాన్ని తట్టుకోలేదు.

మొదటిసారి వెళ్ళినప్పుడు పెద్దాయన నన్ను అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. "ఏ గదిలో పెడతారమ్మా?" అన్నారు. హాలు పక్క గదిలో, ఏసీ ఉంటుందని చెప్పాను. "తలుపులు మూసి పడుకునే గదిలో మాత్రం పెట్టవద్దమ్మా. వరండాలో నీడపట్టున పెట్టి, సన్నగొట్టం లోపలికి లాక్కోండి" అన్నారు. ఇంటికొచ్చి లెక్క వేశాను. 4.5 కిలోల గ్యాసు బయటపడితే రెండున్నర ఘనపు మీటర్లు అవుతుంది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తున్న గదిలో 34 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. అంటే గదిలో ఏడు శాతం దాకా కార్బన్ డయాక్సైడే. నాలుగు శాతమే ప్రాణాపాయమని లెక్క. పైగా అది గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, నేల మీదే పరుచుకుంటుంది. నేల మీద చాపేసుకుని పడుకునే ఇళ్ళు మనవి. ఆయన రసాయనశాస్త్రం చదువుకోలేదు, కానీ అడగవలసిన ప్రశ్న అడిగారు. అక్వేరియం సామాను అమ్మిన ఏ ఒక్కరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. సిలిండర్ ఇప్పుడు వరండాలో గోడకు గొలుసుతో కట్టి ఉంది.

"పూర్తిగా ఖాళీ చేసి తేవద్దు" అన్నది ఆయన ఇంకో మాట. కొంచెం పీడనం మిగిలి ఉంటే తేమ లోపలికి పోదు, సిలిండర్ లోపలి గోడ తుప్పు పట్టదు. మనకు అందులో మరో లాభం ఉంది. పీడనాన్ని ఒకే దశలో తగ్గించే రెగ్యులేటర్లలో సిలిండర్ పీడనం పడిపోతున్నకొద్దీ బయటికి వచ్చే పీడనం పెరుగుతుంది. గ్యాసు ధారను సన్నగా సరిచేసే నీడిల్ వాల్వును ఎంత జాగ్రత్తగా తిప్పిపెట్టినా, ఆఖరి రోజుల్లో బుడగలు వరుస కట్టి పరుగెడతాయి. రియాక్టర్ పీహెచ్ మరీ దిగజారి అరగొనైట్ ముక్కలు పేస్టులాగా మెత్తబడతాయి, ట్యాంకు పీహెచ్ కూడా కిందికి జారుతుంది. పీహెచ్ మరీ దిగితే గ్యాసును దానంతటదే ఆపే సోలెనాయిడ్ వాల్వు (పీహెచ్ కంట్రోలర్‌తో పనిచేసే విద్యుత్ వాల్వు) ఉంటే కాపాడుతుంది. రెండు దశల రెగ్యులేటర్ ఉంటే ఇంకా మంచిది. ఇవేవీ లేకపోయినా, సిలిండర్‌లో 300 గ్రాములు మిగిలి ఉండగానే మార్చేస్తే ఈ గొడవ ఉండదు. 300 గ్రాములు మిగిలాయని తెలియడానికి మళ్ళీ చీటీ మీది తూకమే ఆధారం. నేను వారానికోసారి సిలిండర్‌ను ఇంట్లో ఉన్న కాటా మీద పెట్టి రాసుకుంటాను. వారానికి 110 గ్రాముల చొప్పున తగ్గాలి. ఎక్కువ తగ్గితే సబ్బునీళ్ళు తీసుకుని కీళ్ళన్నీ చూస్తాను. చాలాసార్లు దొంగ దొరికేది రెగ్యులేటర్ కలిసే చోట ఉన్న వాషరులోనే. ఈ దుకాణంలో నింపిన ప్రతిసారీ కొత్త వాషరు ఇస్తారు, అడగకుండానే.

రెగ్యులేటర్ గురించి కూడా ఒక మాట. విదేశీ రెగ్యులేటర్ల మరలు ఒకే రకం కావు. అమెరికావి సీజీఏ 320, ఐరోపావి చాలావరకు డబ్ల్యూ 21.8. సిలిండర్ వాల్వుకు సరిపోనిదాన్ని బలవంతంగా బిగిస్తే మర చెడిపోతుంది. రెగ్యులేటర్ చేతిలో పట్టుకుని వెళ్ళండి. కుర్రవాడు మర కొలిచి, సరిపోయే ఇత్తడి అడాప్టర్ ఉంటే ఇస్తాడు, లేకపోతే లేదని చెబుతాడు. టేపు చుట్టి సరిపెట్టడం నేను ఇక్కడ చూడలేదు.

లోపాలు లేవని కాదు. పరీక్షకు ఇచ్చిన సిలిండర్ ఎప్పుడొస్తుందో వీళ్ళు కచ్చితంగా చెప్పరు. బయటి ఊరికి పంపి తెప్పిస్తారు, చెప్పిన తేదీకి రాదు, ఫోను చేస్తే రేపు అంటారు. నాకు రెండో సిలిండర్ ఉంది కాబట్టి సరిపోయింది. ఒక్కటే ఉన్నవాళ్ళ పగడాలు అన్ని రోజులు ఆకలితో ఉండాలి. అలాంటప్పుడు పూర్వం నుంచీ ఉన్న పద్ధతి సున్నపు తేట. శుద్ధమైన సున్నం కలిపి తేర్చిన నీటిని రాత్రిపూట చుక్కలుగా వదిలితే కొంతవరకు గడుస్తుంది. ఇల్లు దాకా తెచ్చిచ్చే ఏర్పాటు కూడా వీళ్ళకు లేదు. నేనుండే బైరాగిపట్టెడ నుంచి ఆటోలో తీసుకెళ్ళి తెచ్చుకోవడం నాలాంటివాళ్ళకు శ్రమే. బ్రహ్మోత్సవాల రోజుల్లో అయితే అటు కదలడమే కష్టం, కాబట్టి సెప్టెంబరు మొదట్లోనే నింపించుకుంటాను.

ధర కిలో లెక్కన ఉంటుంది. ఆ రోజు ధర గోడ మీద సుద్దతో రాసి పెడతారు. గ్యాసు ధర మారుతుంటుంది కాబట్టి ఇక్కడ అంకె వేయడం లేదు. చెన్నైలోని కొలత్తూరు దాకా వెళ్ళి అక్వేరియం దుకాణాల్లో నింపించుకున్న రోజులతో పోలిస్తే ఇది బాగా చవక. వాషరుకు వేరే తీసుకోరు. రసీదు ఇస్తారు, దాని మీద సిలిండర్ నంబరు, ఖాళీ బరువు, నిండు బరువు మూడూ ఉంటాయి. నింపిన తేదీ మాత్రం వేయరు. అది కూడా వేయమని అడిగాను, ఇంకా మొదలుపెట్టలేదు. అయిదు నక్షత్రాలకు నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఒకటి పరీక్ష ఆలస్యానికి.

ఒక సంగతి మర్చిపోకుండా చెప్పాలి. గ్యాసు నిలకడగా వెళ్తే ట్యాంకులో ఏం కనిపిస్తుందని అడిగేవాళ్ళు ఉంటారు. ఏమీ కనిపించకపోవడమే మొదటి గుర్తు. నేను రాసుకునే కాగితం మీద ఆల్కలినిటీ 8.0, 8.1, 7.9 అంటూ అక్కడక్కడే తిరుగుతుంది. కొన్ని వారాల తర్వాత అక్రోపోరా (కొమ్మల్లా పెరిగే రాతి పగడం) కొమ్మల చివర్లు తెల్లగా, లేత నీలంగా కనబడతాయి. అది కొత్తగా కట్టిన ఎముక, రంగు ఇంకా ఎక్కలేదు. మాంటిపోరా (పళ్ళెంలా పరుచుకుని పెరిగే రాతి పగడం) పళ్ళేల అంచు చుట్టూ సన్నని తెల్ల గీత వస్తుంది. ఆల్కలినిటీ ఎగుడుదిగుడైన ట్యాంకుల్లో ఇవే చివర్లు కాలిపోయినట్టు చచ్చిపోతాయి.

వెళ్ళేవాళ్ళు ఉదయం పదింటి లోపు వెళ్ళకండి, ఆ వేళంతా సోడా బళ్ళదే. ఏప్రిల్, మే నెలల్లో పెళ్ళిళ్ళూ ఎండలూ కలిసి గ్యాసుకు గిరాకీ ఎక్కువ, ముందు ఫోను చేసి సరుకు ఉందో లేదో కనుక్కోండి. ఆ నెలల్లో సాయంత్రం చల్లబడ్డాక వెళ్తే నింపడమూ తొందరగా అవుతుంది, నిండు సిలిండర్ ఎండలో ప్రయాణం చేయవలసిన పనీ ఉండదు. ఆటోలో నిలబెట్టి తాడుతో కట్టించండి, వాల్వు మీద ఇనుప టోపీ బిగించారో లేదో చూసుకోండి, కారైతే అద్దాలు దించి నడపండి.